ఎవరి అప్పుకు ఎవరు జామీను

7 సెప్టెంబర్ 2024, శనివారం, జగిత్యాల

వినాయక చవితి. వాడవాడకూ మండపం. ఇదే తారీఖున 1978లో చుట్టుపక్కల పల్లెల నుంచి రైతుకూలీలు వేలల్లో నడిచి ఈ ఊరికి వచ్చారు. జగిత్యాల జైత్రయాత్ర. వెట్టి చెయ్యబోమన్నారు. దొరలు వసూలు చేసుకున్న దండుగలు వాపసు ఇమ్మన్నారు. బంజర్లు పంచమన్నారు. అక్టోబర్ వచ్చేసరికి జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తరువాత పారిన నెత్తురు గురించి చాలామంది రాశారు. ఇవాళ నా మనసు పట్టుకున్నది దాని వెనక ఉన్న అప్పు సంగతి.

ఆ కాలంలో మనిషే కుదువ. తండ్రి పెళ్లికో చావుకో తెచ్చిన పైకానికి కొడుకు దొర దగ్గర జీతం ఉండేవాడు. వానాకాలం తిండికి తెచ్చిన వడ్లకు నాగు: పంట చేతికి రాగానే ఒకటికి ఒకటిన్నర కొలవాలి. లెక్క రాసేదీ ఆయనే, చదివి చెప్పేదీ ఆయనే. అయితే అప్పిచ్చినవాడి ఇల్లు ఎక్కడుందో ఊరందరికీ తెలుసు. దొర గడీ ముందు నిలబడి అడిగే వీలుండేది. అడిగారు కూడా.

ఇప్పుడు నేను పాఠం చెప్పే డిగ్రీ పిల్లల తల్లులను "మీకు అప్పిచ్చిందెవరమ్మా" అంటే బండి మీద వసూలుకు వచ్చే పిల్లవాడి పేరు చెబుతారు. అతను నెలజీతగాడు. అతని కంపెనీ బ్యాంకుల దగ్గర తెచ్చి ఇక్కడ ఇస్తుంది. కంపెనీ వాటాలు ఫండ్ల చేతిలో ఉంటాయి. ఆ ఫండ్లలో సొమ్ము పెట్టినవాళ్లు ఏ దేశంలో ఉన్నారో వసూలు పిల్లవాడికీ తెలియదు. ఈ తల్లులు ఎవరి గడప ముందు నిలబడాలి?

సోషియాలజీ పాఠంలో ఈ ఏడు అప్పు గురించి చెప్పాలనుకుంటున్నాను. పుస్తకాలతో పాటు మనుషుల దగ్గరికీ పోవాలి. అందుకే ఈ నోటుబుక్కు.

12 సెప్టెంబర్, గురువారం, కోరుట్ల

బీడీలు చేసే అక్క ఇంట్లో పొద్దంతా కూర్చున్నాను. చాట ఒడిలో పెట్టుకుని, చేతులు ఆగకుండానే మాట్లాడింది. ఆమెకు పొదుపు సంఘం లోను ఉంది. రెండు ప్రైవేటు కంపెనీల గ్రూపు లోన్లున్నాయి. పుస్తెలతాడు గోల్డ్ లోన్‌లో ఉంది. ఇవన్నీ కట్టే తారీఖుల మధ్య సందు వస్తే పూడ్చడానికి బజారులో తెచ్చే గిరిగిరి అనే రోజువారీ అప్పు. ఒకదాంతో ఒకటి కడుతుంది. ఆ తారీఖులన్నీ ఆమెకు నోటికి వచ్చు, ఎక్కడా రాసుకోలేదు.

"కట్టకపోతే ఏం చేస్తారు?" అన్నాను.

"కంపెనోడు ఏం జేస్తడక్కా. గ్రూపుల ఉన్నోళ్లందరు కూసుంటరు. నా ఒక్కదాని వల్ల పదిమంది పని ఆగుతది. పొద్దుగాల లేస్తే వాళ్ల మొఖాలే సూడాలె నేను. ఆ సిగ్గుకన్న యాడనన్న తెచ్చి కట్టుడే నయం."

ఈ వ్యాపారమంతా ఈ మాట మీద నిలబడి ఉంది. ఆస్తి కుదువ లేని అప్పు అని గొప్పగా చెబుతారు. రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి తెచ్చిన నిబంధనలూ అంతే: ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబానికి కుదువ లేకుండా ఇచ్చేదే మైక్రోఫైనాన్స్ లోను. ఇంటి మొత్తం కిస్తీలు నెల ఆదాయంలో సగం దాటకూడదు. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తరువాత వసూలుకు పోకూడదు. మంచి నిబంధనలే. వడ్డీకి అంతకుముందున్న గరిష్ఠ పరిమితిని మాత్రం అదే ఉత్తర్వు ఎత్తేసి, రేటు కంపెనీ బోర్డుల ఇష్టానికి వదిలింది.

కానీ ఈ అక్క మీద పడే ఒత్తిడి కంపెనీ మనిషి నుంచి రావడం లేదు. పక్కింటి వదినె నుంచి వస్తోంది. ఆ వదినెకు సాయంత్రం 6 తరువాత రావద్దని ఏ రిజర్వు బ్యాంకు చెప్పగలదు? కుదువ పెట్టింది వరుసలను, ఇరుగుపొరుగును, బతుకమ్మ ఆడేటప్పుడు పక్కన నిలబడే మనిషిని. వాటి విలువ ఏ కాగితం మీదా ఉండదు, వసూలు మాత్రం వాటితోనే అవుతుంది.

లామియా కరీం అనే మానవశాస్త్రవేత్త బంగ్లాదేశ్ పల్లెల్లో ఇదే చూసి 2011లో పుస్తకం అచ్చు వేసింది. పేదింటి ఆడమనిషి పరువు, సిగ్గు అనేవాటినే అప్పిచ్చే సంస్థలు వసూలు సాధనాలుగా వాడుకున్నాయని ఆమె వాదన. కిస్తీ తప్పినవాళ్ల ఇంటి రేకులు, కొయ్యలు ఊడదీసి అమ్మిన ఘటనలు అందులో ఉన్నాయి. ఊడదీసింది చాలాసార్లు తోటి సభ్యులే.

అక్క ఇంకో మాట చెప్పింది. పెళ్లి సంబంధం కుదిరేటప్పుడు అత్తగారు అడిగింది కట్నం ఒక్కటే కాదట, "పీఎఫ్ ఉన్నదా" అని కూడా అట. అప్పట్లో బీడీ పనికి ఆ విలువ ఉండేది. ఇప్పుడు బీడీ కార్ఖానా ఆకు సరిగ్గా ఇవ్వడం లేదు, నెలలో సగం రోజులు పని లేదు. పని రోజులు తగ్గాయి. కిస్తీ రోజులు తగ్గలేదు.

13 సెప్టెంబర్, శుక్రవారం, కోరుట్ల

గిరిగిరి లెక్క వేసి చూశాను. పదివేల కాగితానికి 1,500 ముందే పట్టుకుని 8,500 చేతికిస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. మొదటి రోజు నుంచే అసలు తగ్గుతుంటుంది కాబట్టి సగటున తెచ్చుకున్నవాళ్ల చేతిలో ఉన్న అప్పు నాలుగువేల చిల్లరే. ఏడాదికి చూస్తే మిత్తి నూటికి 120 దాటింది. బజారులో దీన్ని పదిహేను పర్సెంట్ అని చెప్పుకుంటారు.

బజారులో గిరిగిరి తెచ్చుకునే కూరగాయలామెకు ఈ లెక్క తెలియదనుకోవద్దు. "బ్యాంకుకు పోతే ఒక పూట పోతది, నా బేరం పోతది, ఇస్తడో ఇయ్యడో ఎరుక లేదు. వీడు గీడికే తెచ్చిస్తడు" అంది. ఆమె తన పూట విలువ కట్టే చెబుతోంది. బ్యాంకు ఆమె పూటకు విలువ కట్టదు.

18 సెప్టెంబర్, బుధవారం, ముత్యంపేట

చెరుకు ఫ్యాక్టరీ చూసి వచ్చాను. గేటుకు తాళం. నిజాం షుగర్స్ 1937లో బోధన్‌లో పుట్టింది. ముత్యంపేట దాని యూనిట్లలో ఒకటి. కోరుట్ల, మెట్‌పల్లి, మల్లాపూర్ రైతులకు చెరుకు బండ్ల కాలం ఇంకా కళ్లముందే ఉంది. 2002లో ప్రభుత్వం 51 శాతం వాటా ప్రైవేటుకు ఇచ్చేసింది. 2015 డిసెంబర్‌లో మూడు యూనిట్లకూ లేఆఫ్ నోటీసు అంటించారు. తరువాత దివాలా చట్టం కింద ట్రిబ్యునల్‌కు పోయి, 2019లో లిక్విడేషన్ ఉత్తర్వు వచ్చింది. ఈ జనవరిలో మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన తెరిపించే కమిటీ వేశారు. చెరుకు మళ్లు ఇప్పుడు వరి మళ్లయ్యాయి.

చెట్టు కింద కూర్చున్న మాజీ కార్మికుడొకాయన, "ఫ్యాక్టరి నష్టంల పడ్డదన్నరు మేడం. నష్టం మాదెట్లయింది?" అన్నాడు. నేను ఇంటికి వచ్చేదాకా ఆ ప్రశ్నే.

దానికి జవాబు వెతుకుతూ మానవశాస్త్రవేత్త కారెన్ హో పుస్తకం మళ్లీ తీశాను. 2009లో వచ్చింది, పేరు 'లిక్విడేటెడ్'. మానవశాస్త్రం ఎంతోకాలం అడవులకూ పల్లెలకూ వచ్చింది. నిజాం కాలంలో హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త మన ఆదిలాబాద్ గోండుల మధ్య ఉండి, వాళ్ల భూములు సాహుకార్ల చేతికి ఎట్లా పోయాయో రాశాడు. అంటే అప్పు తీసుకున్నవాడిని చదివారు. హో న్యూయార్క్ వాల్‌స్ట్రీట్‌కు పోయి, అప్పులూ వాటాలూ నడిపేవాళ్లను ఒక తెగను చూసినంత శ్రద్ధగా చూసింది. 1990ల్లో అక్కడ ఒక బ్యాంకులో ఉద్యోగం చేసింది. ఆ విభాగం ఎత్తేస్తే ఆమె ఉద్యోగమూ పోయింది.

ఆమె చెప్పేది ఇది. అక్కడి బ్యాంకర్లు పెద్ద యూనివర్సిటీల నుంచి వస్తారు, తామే అందరికన్నా తెలివైనవాళ్లమని గట్టిగా నమ్ముతారు. వాళ్ల ఉద్యోగాలూ ఏ క్షణాన్నైనా పోతాయి, కానీ పోయేలోపు బోనస్‌లు వస్తాయి, పోతే ఇంకోచోట దొరుకుతుంది. ఆ బతుకునే ఆదర్శమనుకుని, ప్రతి కంపెనీ అట్లాగే ఉండాలని సలహా ఇస్తారు: అమ్మెయ్యి, తగ్గించు, మూసెయ్యి, షేరు ధర పెరుగుతుంది. సలహా ఇచ్చినవాడికి ఫీజు ముడుతుంది. ఉద్యోగం పోయిన కార్మికుడికి బోనస్ లేదు, ఇంకోచోటూ లేదు. ముత్యంపేట గేటుకు వాల్‌స్ట్రీట్ తాళం వేయలేదు, హైదరాబాద్‌లో తీసుకున్న నిర్ణయం అది. అయినా ఆ ఆలోచన ఊళ్లు దాటి, పార్టీలు దాటి ఇక్కడిదాకా నడిచి వచ్చింది. ప్రభుత్వం నడిపితే నష్టం, అమ్మితే సంస్కరణ అని మా తరం క్లాసుల్లో మేమే పాఠం చెప్పాం.

28 సెప్టెంబర్, శనివారం, జగిత్యాల

పెద్దమ్మ మనవడు కతర్ పోతున్నాడు. ఏజెంటు తీసుకోగల ఫీజు చట్ట ప్రకారం 30,000, దానిపై జీఎస్టీ. అడిగింది దానికి ఎన్నో రెట్లు. రసీదు లేదు. మూడు రూపాల మిత్తికి తెచ్చారు, అంటే ఏడాదికి నూటికి 36. మొదటి ఏడాది జీతం మిత్తికీ అసలుకే పోతుందని వాడికీ తెలుసు. ఇంతకుముందు పోయి, కంపెనీ జీతమివ్వక ఖల్లివెల్లి (కాగితాలు లేని కూలీ) అయి తిరిగొచ్చిన దోస్తు పక్కనే కూర్చుని సూట్‌కేసుకు తాడు కడుతున్నాడు.

ప్రవాసీ భారతీయ బీమా 275 రూపాయలకు రెండేళ్లు, ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు వస్తాయి. అది కట్టించాను. పాస్‌పోర్టు నకళ్లు ఇంట్లో రెండు జతలు పెట్టించాను.

2 అక్టోబర్, బుధవారం, సిరిసిల్ల

ఎంగిలిపూల బతుకమ్మ. పొద్దుగూకంగ ఆడవాళ్లు తంగేడు, గునుగు పళ్లాల్లో పెట్టుకుని పోతున్నారు. ఈ ఏడు సర్కారు బతుకమ్మ చీరల ఆర్డర్ లేదు. 2017 నుంచి ఏటా కోటికి అటూఇటుగా చీరలు ఇక్కడి సాంచెల (మరమగ్గాల) మీదే నేశారు. ఇప్పుడు పొదుపు సంఘాల సభ్యులకు ఏటా రెండేసి చీరలు ఇస్తామని కొత్త ప్రకటన వచ్చింది. ప్రకటనకూ సాంచె ఆడటానికీ మధ్య ఎన్ని నెలలుంటాయో ఆ నెలల్లో కిరాణం బాకీ పెరుగుతుంది.

సాంచెల కార్ఖానాలో ఒక కాకను కలిశాను. వయసులో ఉన్నప్పుడు భీమండిలో నేశాడు. "అక్కడ సేఠు బాకి, ఇక్కడ ఆసామి బాకి. ఊరు మారింది బిడ్డా, బాకి మారలే" అన్నాడు.

ఈ నేత వరుస ఎట్లా ఉంటుందో ఆయనే విడమరచి చెప్పాడు. నూలు తెచ్చేవాడు ఒకరు. సాంచెల యజమాని ఇంకొకరు. మధ్యలో ఆసామి: సాంచెలు కిరాయికి పట్టుకుని, నూలు అప్పు తెచ్చి, కార్మికులను పెట్టుకుని, మీటరుకు ఇంత అని బట్ట అప్పజెప్పేవాడు. చివర పన్నెండు గంటల షిఫ్టులో నాలుగైదు సాంచెల మధ్య తిరిగే కార్మికుడు. బట్ట ధర పడితే వ్యాపారి ఆసామికి తగ్గిస్తాడు, ఆసామి కూలిలో తగ్గిస్తాడు, కార్మికుడు ఇంట్లో కూర తగ్గిస్తాడు. ధర పెరిగితే ఇదే దారిలో కిందికి దిగాలి కదా. దిగదు. పై మెట్టు దగ్గరే ఆగిపోతుంది. ఆసామిని దొరలాగా చూడటం నాకు నచ్చదు. సిరిసిల్లలో ప్రాణం తీసుకున్నవాళ్లలో ఆసాములూ ఉన్నారు. నష్టాన్ని ఎవరు మొయ్యాలో ముందే నిర్ణయమైన వరుస ఇది, అందులో ఆసామిది కింది నుంచి రెండో మెట్టు.

ఆ చావుల గురించి మన పేపర్లు "అప్పుల బాధతో" అని రెండు ముక్కల్లో తేల్చేస్తాయి. ఎవరి అప్పు, ఏ రేటుకు, ఎందుకు తెచ్చారు అని అడగరు. అడిగితే అది వ్యక్తి బలహీనత కథగా మిగలదు.

3 అక్టోబర్, గురువారం, సిరిసిల్ల

సెస్ ఆఫీసు ముందు బిల్లుల వరుస. సహకార విద్యుత్ సరఫరా సంఘం, 1970 నాటిది. దేశంలో మొదట ప్రయోగంగా పెట్టిన ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో ఇదొకటి, రాష్ట్రంలో ఇప్పటికీ నడుస్తున్నది ఇదే. కరెంటు వాడుకునేవాళ్లే సభ్యులు, డైరెక్టర్లను ఓటు వేసి ఎన్నుకుంటారు. లోపాలు లేవనను, రాజకీయాలు నిండా ఉన్నాయి. కానీ బిల్లు ఎక్కువొస్తే ఎవరిని నిలదీయాలో సిరిసిల్ల మనిషికి తెలుసు, ఆ మనిషిని వచ్చే ఎన్నికల్లో దించనూ గలడు. డబ్బు వ్యవహారమంతా కంపెనీలకే చేతనవుతుందనే మాటను ఒప్పుకోవడం సిరిసిల్ల నుంచి వచ్చినవాళ్లకు కష్టం.

15 అక్టోబర్, మంగళవారం, జగిత్యాల

2010లో ఇదే రోజు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ ఆర్డినెన్స్ తెచ్చింది. క్లాసులో ఇవాళ అదే చెప్పాను. 1990ల నుంచి పొదుపు సంఘాల్లో ఆడవాళ్లు రోజుకు రూపాయి చొప్పున కూడబెట్టి, ఒకరినొకరు నమ్మడం నేర్చుకున్నారు. ఆ నమ్మకం తయారుగా ఉండేసరికి కంపెనీలకు దారి సులువైంది. వాటిలో ఒకటైన ఎస్‌కేఎస్ మెదక్ పల్లెల్లో స్వచ్ఛంద సంస్థగా మొదలై, లాభాల కంపెనీగా మారి, 2010 ఆగస్టులో స్టాక్ మార్కెట్‌కు ఎక్కింది. షేరు 985 రూపాయలు. ఇష్యూకు పదమూడు రెట్లు దరఖాస్తులు. అమెరికా పెట్టుబడి సంస్థ సెకోయాకు అందులో పెద్ద వాటా. రెండు నెలలు తిరగకుండానే ఈ పల్లెల్లో కిస్తీలు కట్టలేక ఆడవాళ్లు చనిపోతున్న వార్తలతో ఆర్డినెన్స్ వచ్చింది.

ముంబైలో షేరు ఎక్కడానికి కావలసింది వసూలు శాతం. ఆ శాతం కోసం ఒక్కో ఇంటికి ఎన్ని లోన్లున్నాయో ఎవరూ చూడలేదు. ఒక కంపెనీ కిస్తీని ఇంకో కంపెనీ లోను కట్టింది, రెండు కంపెనీల లెక్కల్లోనూ అది మంచి వసూలుగానే పడింది.

ఆ ఆర్డినెన్స్‌లో నాకు నచ్చే నిబంధన ఒకటుంది: మొత్తం వడ్డీ అసలును మించకూడదు. ధర్మశాస్త్రాల కాలం నుంచి మన దేశంలో దామ్‌దుపట్ పేరుతో ఉన్న సూత్రమే. వేల ఏళ్ల కిందటివాళ్లకు కూడా అప్పుకు ఒక హద్దుండాలని తోచింది. ఆర్డినెన్స్ తరువాత చట్టమైంది. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన ఫైనాన్స్ కంపెనీలకు అది వర్తించదని తీర్పు చెప్పింది. వసూలు బండ్లు మళ్లీ మన వాడల్లో తిరుగుతున్నాయి.

ఒక అమ్మాయి లేచి అడిగింది: "మేడం, ఈ ఆగస్టులో రుణమాఫీ అయింది కదా, మా అమ్మది ఎందుకు కాలేదు?" రెండు లక్షల దాకా మాఫీ అయింది బ్యాంకు పంట రుణం. వాళ్లది కౌలు భూమి. పట్టా ఇంకొకరి పేరు మీద ఉంది. వాళ్లమ్మ తెచ్చింది గ్రూపు లోను. మాఫీ వల్ల ఎన్నో ఇళ్లకు మేలు జరిగింది, కాదనను. ఆ అమ్మాయి ఇల్లు మాత్రం ఆ జాబితాలో ఉండే వీలే లేదు.

20 అక్టోబర్, ఆదివారం, జగిత్యాల

రాత్రంతా దివాలా చట్టం చదివాను. 2016 నాటిది. ముత్యంపేట ఫ్యాక్టరీ పోయింది ఈ చట్టం కిందికే.

మన దేశంలో కంపెనీలకు పరిమిత బాధ్యత 1857 చట్టంతోనే వచ్చింది. కంపెనీ మునిగితే వాటాదారు పెట్టిన సొమ్ము పోతుంది. ఇంటి మీదికి ఎవరూ రారు, చెల్లెలి పెళ్లి ఆగదు. రేపు ఇంకో కంపెనీ పెట్టుకోవచ్చు. ఇది తప్పని నేననను. ఈ రక్షణ లేకపోతే ఎవరూ కొత్త పని మొదలుపెట్టరు. అయితే కొత్త పని మొదలుపెట్టే ధైర్యం కోరుట్ల ఆడమనిషికి అక్కరలేదా? ఆమె బాధ్యతకు ఏ హద్దూ లేదు. ఆమె మునిగితే పక్కింటామె కట్టాలి, కొడుకు గల్ఫ్ పోవాలి. మన దగ్గర ఎవడైనా ఐపీ పెట్టాడంటే తరాల దాకా చెప్పుకుంటారు. కోర్టులో ఐపీ పెట్టే 1920 నాటి చట్టం ఉన్నా, వకీలు ఫీజు లేని మనిషికి అది లేనట్టే.

మానవశాస్త్రవేత్త డేవిడ్ గ్రేబర్ 'డెట్' అనే పుస్తకంలో ఐదువేల ఏళ్ల అప్పుల చరిత్ర రాశాడు. మెసొపొటేమియా రాజులు అప్పుడప్పుడు అప్పులన్నీ కొట్టేసి, తాకట్టుపడ్డ మనుషులను ఇళ్లకు పంపేవారని చెబుతాడు. 2008లో పెద్ద బ్యాంకులు మునిగినప్పుడు వాటి అప్పుల మీద బేరాలు జరిగాయి, మామూలు మనుషుల ఇళ్లు మాత్రం జప్తయ్యాయి. అప్పు తీర్చడం ధర్మం అనే మాటను లోకం చిన్నవాళ్లకే ఎందుకు వినిపిస్తుందన్నది ఆయన బాధ. నా బాధా అదే.

2016 చట్టంలో చిన్న మనుషుల కోసం ఒక అధ్యాయం ఉంది. 80వ సెక్షన్ నుంచి మొదలవుతుంది. ఏడాది ఆదాయం 60,000 మించని, ఆస్తి 20,000 మించని, అప్పు 35,000 మించని మనిషి దరఖాస్తు పెట్టుకుంటే విచారించి ఆ అప్పు రద్దు చేసి కొత్తగా బతుకు మొదలుపెట్టనివ్వాలని అందులో ఉంది. సొంత ఇల్లుంటే వర్తించదు. పార్లమెంటు ఒప్పుకున్న అధ్యాయం ఇది. కంపెనీల దివాలా భాగాలు నెలల్లో అమలుకు వచ్చాయి. కంపెనీలకు హామీ ఉన్న వ్యక్తుల భాగం 2019 డిసెంబర్ నుంచి అమలైంది. ఈ చిన్నవాళ్ల అధ్యాయానికి మాత్రం ఎనిమిదేళ్లయినా నోటిఫికేషన్ లేదు.

సోమవారం మా పిల్లలతో కలిసి వినతిపత్రం రాస్తాం. నిజామాబాద్, కరీంనగర్ ఎంపీలిద్దరికీ ఇస్తాం, ఎందుకంటే కోరుట్ల, జగిత్యాల ఒకరి కిందికి, సిరిసిల్ల ఇంకొకరి కిందికి వస్తాయి. అడిగేవి మూడు. ఆ అధ్యాయాన్ని అమల్లోకి తేవాలి. ఎనిమిదేళ్ల కిందటి ఆ హద్దులను ఇప్పటి కిస్తీలకు తగ్గట్టు పెంచాలి. తలదాచుకునే రెండు గదుల ఇల్లు ఉన్నంత మాత్రాన ఎవరినీ పక్కన పెట్టకూడదు. కంపెనీలకు 1857 నుంచి ఉన్న రక్షణలో కొంత భాగమైనా బీడీలు చేసే అక్కకూ, సాంచెల కాకకూ ఇవ్వండి.